మా వీధి ఆవిడ

హిందూపురం,
10 జూన్ 2024

అక్కా,

నీకూ బావకూ దండాలు. చేతిలో ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావేమో. మన ఫోను మాటల సంగతి నీకు తెలీనిదా? నీ ఫోను ఎప్పుడూ మీ అమ్మాయి సుచిత్ర చేతిలో ఉంటుంది, నువ్వు గట్టిగా మాట్లాడితే పక్కింటి వెంకటక్క గోడకు చెవి ఆనిస్తుంది. ఇక్కడ నా ఫోను మోగితే కింద ఇంటి ఓనరు టీవీ సౌండు తగ్గిస్తాడు. అందుకే కాగితం పట్టుకున్నాను. చదివి చింపెయ్.

అమ్మను చేర్చాను. పెనుకొండలో కొండ కింది దారిలో ‘సేద’ అని నీలం బోర్డు ఉంటుంది. మందులు పని చేయవని పెద్దాసుపత్రులు చేతులెత్తేసినవాళ్ళను చివరిదాకా చూసుకునే చోటు. పదహారు మంచాలు. ముందు ఎవరూ లేనివాళ్ళకు ఇస్తారట, తర్వాతే మనలాంటివాళ్ళకు. నెల పైన ఆగమన్నారు. నెలంటే అమ్మ ఎక్కడుండాలక్కా? దవడ పుండుతో ఆమె రాత్రంతా మూలుగుతుంటే ఓనరు మెట్ల మీద నిలబడి, "బాడుగింట్లో పానం పోతే ఆర్నెల్లు తాళమెయ్యాల. యాడికన్నా తీసకపో అప్పా" అన్నాడు. మీదేమో ఒకటే గది, అందులో సగం మగ్గం.

కాబట్టి ఒక మాట అన్నాను. "ఈమెకు ఎవరూ లేరు సార్. మా వీధిలో ఉంటుంది. చూడలేక తెచ్చినా" అన్నాను. అంతే, ఆ రోజే మంచమిచ్చారు! అమ్మ చక్రాల కుర్చీలో నా పక్కనే ఉంది. నా వైపు ఒకసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుండు నొప్పేమో.

ఇక ఆ చోటు ఎట్లా ఉందంటావు. గార్మెంటు ఫ్యాక్టరీలో రోజంతా చొక్కాలు తిప్పి తిప్పి కుట్టు తప్పులు పట్టేవాణ్ణి, నా కళ్ళ గురించి నీకు చెప్పాలా? దుప్పట్లు ఉతికినవే. బాత్రూము శుభ్రం. కానీ ఒక్క మంచం దగ్గర కూడా గ్లూకోజు సీసా లేదు! ఎదుటి మంచం ముసలాయనకు వాళ్ళే బీడీ ముట్టించి ఇస్తున్నారు. తిననంటే తినమని బలవంతం చేయరు. ఇదేం చూడటం? నాకు నమ్మకం కుదరలేదు. ఒకసారి నువ్వూ పోయి చూడు.

ఓనరుకు అమ్మ నీ దగ్గరకు పోయిందని చెప్పాను. మీ వీధిలో నా దగ్గరుందని చెప్పు.

నీ తమ్ముడు
జయచంద్ర

ధర్మవరం,
17 జూన్ 2024

జయా,

నీ ఉత్తరం చింపలేదు. నమిలి మింగాలనిపించింది. ఎవరూ లేరని చెప్పడానికి నీకు నోరెట్లా వచ్చిందిరా? అదీ అమ్మ పక్కనుండగా! పైగా అదేదో పెద్ద తెలివైన పని చేసినట్టు నాకు రాస్తావా?

ఇంత రాసి పెన్ను పక్కన పెట్టేశాను. నిన్ను తిట్టడానికి నాకు మాత్రం మొహం ఉందా? తీసుకుపొమ్మని నీకు ఫోన్ చేసింది నేనే. ఎందుకో ఆ రోజు చెప్పలేదు. గోరంట్ల పెళ్ళివాళ్ళ చీర చూడటానికి సేటు ఇంటికొచ్చాడు. మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమమ్మా, ఇంట్లో ఏమన్నా సచ్చిందా? పట్టుకు వాసన పట్టింది" అన్నాడు. పుండు వాసనే. అమ్మ మంచం మీద నుంచి వింది. మీ బావ తలొంచుకున్నాడు. నేను ఒక్క మాట, అది మా అమ్మ అన్న ఒక్క మాట అనలేక అగరొత్తులు వెలిగించాను. ఆ పొగ చూస్తూ అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

వెంకటక్క రోజూ అడుగుతోంది: "మీయమ్మ కొడుకు కాడ బాగుండాదా?" బాగుంది, పైన ఫ్యాను, పక్కన మనవడు, రాణిలా ఉంది అన్నాను. "పుణ్యం చేసుకున్నాది" అని ఆమె దండం పెట్టింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

నువ్వు దుప్పట్లూ బాత్రూమూ చూసొచ్చావు. చొక్కాలు చూసే కళ్ళు కదా, అవే కనపడతాయి. పుండు రోజూ కడుగుతారా? కడిగేటప్పుడు ముక్కు మూసుకుంటారా? అది చూడు. తల దువ్వుతారా? నొప్పి అన్నప్పుడు మందిస్తారా, లేక డాక్టరు రావాలంటారా? గ్లూకోజు సంగతి గట్టిగా నిలదీసి అడుగు. సీసా పెట్టకపోతే మనిషిని వదిలేసినట్టే కదా. ఇంకో సంగతి. ఆ ఇంటికి పోయినవాళ్ళలో ఒక్కరైనా నడిచి బయటికొచ్చారా? అది కూడా కనుక్కో.

ఇంట్లో నాలుగు చీరల పని ఉంది, అయ్యాక నేనూ పోతాను.

కమలాక్షి

హిందూపురం,
26 జూన్ 2024

అక్కా,

తిట్టినందుకు కోపం లేదు. తిట్టకపోయుంటే భయపడేవాణ్ణి.

ఆదివారం పోయాను. ఫ్యాక్టరీలో అడిగినట్టే అడుగుదామని గట్టిగా సిద్ధమై పోయాను. అక్కడ గోవిందమ్మ అని నర్సు, మన కొత్తచెరువు వైపు మనిషి. గ్లూకోజు ఎందుకు పెట్టరు అని నిలదీశాను. ఆమె కోపగించుకోలేదు. "పెట్టొచ్చు సార్. ఆ నీళ్ళు ఇప్పుడు ఒంట్లో ఇంకవు. కాళ్ళు ఉబ్బుతాయి, గొంతులో గురగుర అంటాది. ఆయమ్మకే కష్టం" అంది. నోరెండకుండా గంటకోసారి దూదితో పెదాలు తడుపుతున్నారు. అది నా ఎదుటే చేసింది. ఒక్కరైనా నడిచి బయటికొచ్చారా అన్న నీ ప్రశ్న అడగలేదు. చుట్టూ ఆ మంచాలు చూశాక నాకు నోరు రాలేదు.

పుండు కడగడం చూశాను. మాత్ర పొడి చేసి చల్లి గుడ్డ కడతారు. ముక్కెవరూ మూసుకోలేదు. దగ్గరకు పోయి వంగి చూశాను, వాసన లేదక్కా! మన ఇద్దరిళ్ళలోనూ అగరొత్తులతో మూసిపెట్టిన వాసన అక్కడ లేనే లేదు. నొప్పికి చుక్కల మందు వేళకిస్తారు. అమ్మ నిద్రపోతోంది. ఇన్ని నెలల్లో అమ్మ మూలుగు లేకుండా ఊపిరి తీయడం నేను వినలేదు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క, మంచం కిర్రుమంటోందని చెప్పాను. గోవిందమ్మ వెంటనే నూనె తెచ్చి వేసింది.

ఇది రాయాలో వద్దో అని రెండు రోజులు ఆగాను. నేను బయల్దేరుతుంటే గోవిందమ్మ మిగతావాళ్ళతో అంది: "సూడండి, ఏ సంబంధమూ లేదు, ఈదిలో మనిషి కోసం హిందూపురం నుంచి వస్తాండాడు. కన్నకొడుకులు గూడా ఇట్లా రారు." అందరూ నన్నే చూశారు. ఎదుటి మంచం ముసలాయన చేతులెత్తి దండం పెట్టాడు. నేనేం చేశానో తెలుసా? "అట్లేం లేదులే అమ్మా" అని నవ్వాను. బస్టాండు దాకా ఆ నవ్వు నా మొహం మీదే ఉంది. దాన్ని ఎట్లా తుడుచుకోవాలో తెలియలేదు.

నువ్వు పో అక్కా. తొందరగా పో.

జయ

ధర్మవరం,
4 జూలై 2024

జయచంద్రకు,

నిన్న పోయొచ్చాను. ఇక పోను.

పొద్దున ప్యాసింజరెక్కి, దిగాక ఆటోలో పోయాను. రాగి అంబలి వడగట్టి పల్చగా చేసి టిఫిను గిన్నెలో పట్టుకుపోయాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, నువ్వేం చెప్పావో నాకనవసరం, నేను కూతుర్నని చెప్తాను, ఏమంటారో అననీ అని. గోవిందమ్మ లోపలికి తీసుకుపోయింది. అమ్మ జుట్టు దువ్వి, చిన్న ముడి వేసి ఉంది. మొహం తేటగా ఉంది. నేను దగ్గరకు పోయి చెయ్యి పట్టుకున్నాను. "ఎవురమ్మా ఈమె?" అని గోవిందమ్మ అడిగింది. నేను నోరు తెరిచే లోపల అమ్మ చెప్పింది. మాట సరిగ్గా రాదు కదా, అయినా కూడబలుక్కుని మరీ చెప్పింది.

"మా ఈదిలో పిల్ల."

అంతే. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. అంబలి రెండు చెంచాలు తాగి, "బాగుండాది, నీకు పుణ్యముంటాది తల్లీ" అంది, ఎవరికో పరాయివాళ్ళకు చెప్పినట్టు.

నన్ను కాదనుకుంది జయా. ఆ అగరొత్తుల రోజు మనసులో పెట్టుకుంది. పెట్టుకోదా మరి! కడుపున పుట్టినది వాసన వస్తోందని బయటికి పంపితే ఏ తల్లి మర్చిపోతుంది? నేనంటే ఇంత కోపమున్నట్టు నీకు తెలుసా? తెలిసే నన్ను తొందరగా పో అన్నావా? నా గురించి నువ్వేమన్నా చెప్పావా?

ఆ చోటు ఎట్లా ఉందని అడుగుతావు కదా. బాగుంది. నేను అమ్మ మొహం ఎన్నడూ అంత మెల్లగా తుడవలేదు. చాలా?

మీ బావ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

కమలాక్షి

హిందూపురం,
8 జూలై 2024

అక్కా, అక్కా,

అమ్మకు నీ మీద కోపం లేదు. ఇది ముందే రాసి ఉంటే నీకు ఆ బాధ తప్పేది. సిగ్గుతో రాయలేదు.

నన్ను కూడా అంతే చేసింది. ఆ మొదటి ఆదివారమే, మెలకువ వచ్చాక, గోవిందమ్మ ముందు నాతో, "మీరు ఇంత దూరం రావద్దు సామీ, మీకు పనులుంటాయి" అంది. నన్ను మీరు అంది! ‘ఒరే జయా’ తప్ప ఇంకో పిలుపు ఎరుగుదునా నేను? నేనూ నీలాగే కోపమనుకున్నాను. నిన్న మళ్ళీ పోయి, ఎవరూ లేనప్పుడు చెవి దగ్గర వంగి, "అమ్మా, ఇట్లా వద్దమ్మా, నాకు పానం పోతాంది" అన్నాను. ఒక్కో మాటకూ ఆగి ఆగి చెప్పింది.

"నువ్వొక మాట చెప్పినావు. నేను కాదంటే నిన్ను ఏమనుకుంటారురా? పోయేదాన్ని నేను. ఉండేటోళ్ళు మీరు."

అక్క వచ్చింది కదా, అక్కతో అయినా చెప్పాల్సింది అన్నాను. "దాని మొహం సూస్తే ఏడుపొస్తాది. ఏడిస్తే తెలిసిపోతాది" అంది. ఇంకా, "ఈడ నొప్పి లేదు. ఈ మంచం పోగొట్టొద్దు" అంది.

చూశావా? నేను తెలివి అనుకుని పడేసిన ఒక్క అబద్ధాన్ని, ఆ దవడతో, ఆ నొప్పితో అమ్మ మోస్తోంది. నా పరువు కోసం నిన్ను పరాయిదాన్ని చేసింది. నాకు అన్నం దిగడం లేదు. మాధవీలత అడిగితే ఫ్యాక్టరీ గొడవ అన్నాను. నా పెళ్ళానికి కూడా ఇది చెప్పలేకపోయాను.

నిజం చెప్పేద్దామనుంది. చెబితే మంచం తీసేస్తారేమోనని భయం. తీసేస్తే మళ్ళీ ఆ నొప్పి, ఆ మూలుగు. నాకేమీ తోచడం లేదు. ఏం చేద్దామో నువ్వు చెప్పు, నువ్వు చెప్పినట్టు చేస్తాను.

జయ

ధర్మవరం,
11 జూలై 2024

ఒరే జయా,

నీ ఉత్తరం పట్టుకుని వాకిట్లోనే కూలబడ్డాను. వెంకటక్క చూస్తే చూడనీ అనుకున్నాను.

చెప్పేద్దాం. ఆదివారం ఇద్దరమూ కలిసే పోయి, పిల్లలం మేమేనని చెబుదాం. మంచం తీసేస్తే నేను తెచ్చుకుంటాను. మీ బావకు అన్నీ చెప్పేశాను. మగ్గం మీంచి లేచి వచ్చాడు. తర్వాత, "మగ్గం ఆపుదాం. ఆయమ్మ మంచం మగ్గం గుంత పక్కనే వేద్దాం. చీర పోతే పోయింది, సేటుకు నేను చెప్పుకుంటా" అన్నాడు. నేను మీ బావకు భయపడి అమ్మను పంపించాను, ఆ మనిషేమో నేను అడుగుతానని ఎదురు చూశాడట. ఇన్నాళ్ళూ ఒకే గదిలో ఉండి ఒకరినొకరం అడగలేదు.

నొప్పి చుక్కలు ఇంటికి ఇస్తారేమో, పుండు కట్టడం నేర్పుతారేమో గోవిందమ్మను అడుగుదాం. నేర్చుకుంటాను. పట్టు పోగులు అతికే వేళ్ళు ఇవి, గుడ్డ కట్టలేనా?

ఆదివారం పదింటికి పెనుకొండ స్టేషన్లో ఉండు. ఇంకేం వంక పెట్టుకోకు.

అక్క

హిందూపురం,
16 జూలై 2024

అక్కా,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం వచ్చింది. అప్పటికి అమ్మను మట్టిలో పెట్టి ఇంటికొచ్చాను. చేతులు కడుక్కోకుండానే చదివాను.

ఆ రోజు నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయావు. నువ్వు రాకముందు ఏం జరిగిందో నీకు తెలియాలి.

పొద్దున్నే గోవిందమ్మ ఫోన్ చేసింది. "మీ ఈది ఆయమ్మ పోయేట్టుండాది సార్, వీలైతే రండి" అంది. నీకు ఫోన్లో రమ్మని మాత్రం చెప్పి బయల్దేరాను. నేను పోయేసరికి ఊపిరి ఉంది. నొప్పి లేదు, మొహంలో ఎక్కడా లేదు, అది నిజం. గోవిందమ్మ గ్లాసులో తులసి నీళ్ళు పట్టుకుని, "ఎవురూ లేనోళ్ళకు మేమే పోస్తాము" అంది. ఇటివ్వండి, నేను కొడుకుని అన్నాను. చెప్పాను అక్కా, ఒట్టు. ఆమె కళ్ళు తుడుచుకుని, "అవును సార్, కొడుకే. ఇట్లా ఎంతమంది అనుకుంటారు?" అని గ్లాసిచ్చింది. నేను మంచితనంతో అన్నాననుకుంది. కాదు, నిజంగానే అని రెండోసారి చెప్పాలి కదా? చెప్పలేదు. అమ్మ నోట్లో నీళ్ళు పోశాను. రెండు చుక్కలు దిగాయి. మిగతావి చెంప మీదుగా పోయాయి.

తర్వాత ఊళ్ళో సేవాసంఘం వాళ్ళు పూలదండలతో వచ్చారు, ఫోన్లతో ఫోటోలు తీశారు. నా భుజం తట్టారు. మీలాంటోళ్ళు ఉండబట్టే అంటున్నారు. అప్పుడు నువ్వు వాకిట్లోకొచ్చావు. నీ నోరు తెరుచుకోబోయింది. నేను నీ వైపు చూసి తల అడ్డంగా ఊపాను.

ఊపాను. ఎందుకని అడగొద్దు. అంతమంది ముందు ఆ నిమిషం నాకు భయమేసింది. నువ్వు నోట్లో కొంగు కుక్కుకుని గోడ పక్కన కూర్చున్నావు. ఎవరో నీకు మంచినీళ్ళిచ్చి, "ఈదిలో మనిషికే ఇంత బాధపడతాండావే తల్లీ" అన్నారు. అది నాకు వినబడింది.

ఇంకొకటి విను. వాళ్ళు ఒకసారి చేర్చుకున్నవాళ్ళను ఎవరున్నా లేకున్నా పంపరట. ఆ రోజే గోవిందమ్మ ఇంకెవరితోనో చెబుతుంటే విన్నాను. ఆ ఒక్క మాట ముందుగా అడిగుంటే అయిపోయేది. దుప్పట్లు తిప్పి చూశాను, మంచం కిర్రుమంటోందన్నాను, అది మాత్రం అడగలేదు.

తల గొరిగించుకోలేదు. గొరిగించుకుంటే ఓనరు అడుగుతాడు. అద్దంలో నా జుట్టు చూసుకోలేకపోతున్నాను. ఈ ఇరవై ఎనిమిదిన ‘సేద’లో సభట. నన్ను సన్మానిస్తారట, శాలువా కప్పుతారట. అక్కడ ఎట్లా చూసుకుంటారో బయటి మనిషిగా నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పోను. ఒంట్లో బాగాలేదని చెప్పేస్తాను.

నన్ను తిట్టక్కా. నువ్వు తిట్టకపోతే నాకు భయంగా ఉంది.

జయ

ధర్మవరం,
22 జూలై 2024

జయా,

నిన్ను తిట్టే ఓపిక లేదు. ఇక్కడ ఏం జరుగుతోందో రాస్తాను, చదువు.

మొన్న వెంకటక్క పేపరు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. జిల్లా పేజీలో నీ ఫోటో. ‘అనాథ వృద్ధురాలికి కొడుకై నిలిచిన యువకుడు’ అని పెద్దక్షరాలు. పక్కనే దండ కింద అమ్మ. దవడకు గుడ్డ కట్టి ఉంది, మొహం చిక్కిపోయింది, వెంకటక్క గుర్తుపట్టలేదు. ఇన్నేళ్ళు మన అమ్మ చేతి ఉగ్గాని తిన్న మనిషి గుర్తుపట్టలేదు! "మీ తమ్ముడు బంగారం మే. మీయమ్మకు చూపించినాడో లేదో, ఫోన్ చేసి చెప్పు. కొడుకు పేరు పేపర్లో చూస్తే ఆ నొప్పిలో గూడా సంతోషపడతాది" అంది. నేను సరే అక్కా, చెప్తాను అన్నాను.

నా తల్లి చచ్చిపోయి నేను బొట్టు పెట్టుకుని తిరుగుతున్నాను. మైల పట్టాల్సిన ఇంట్లో మగ్గం ఆడుతోంది. మీ బావ గుంతలో కూర్చుని ఎవరో పెళ్ళికూతురు కట్టుకోబోయే చీర నేస్తూ, నా మొహం చూడలేక చూడలేక నేస్తున్నాడు. ఆపుదామంటాడు. ఆపితే వీధి అడుగుతుంది. అమ్మ బతికుండగా ఆపుతామన్న మగ్గాన్ని పోయాక ఆపలేకపోతున్నాం. సుచిత్ర "అవ్వ ఎట్లుంది?" అని అడిగితే బిడ్డకు కూడా అబద్ధం చెప్పాను.

ఆ రోజు నువ్వు తల ఊపితే నేనెందుకు ఆగాను? నీ మీద ప్రేమతో కాదు. నాకూ సిగ్గేసింది. కూతుర్నని అరిస్తే, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా అని అక్కడెవరైనా అడుగుతారని. నీ ఒక్కడి పాపం కాదిది. నా తల్లి శవం ముందు పక్కింటిదానిలా ఏడ్చాను, లోపల్లోపల, మర్యాదగా.

సభకు పోనంటావా? పో. తప్పకుండా పో. ఒంట్లో బాగాలేదని ఇంకో అబద్ధం చెప్పావంటే నీ గడప తొక్కను. శాలువా కప్పితే కప్పించుకో. మైకు ఇస్తారు, వాళ్ళు ఎట్లా చూసుకుంటారో చెప్పమంటారు. చెప్పు. పుండు వాసన పోగొట్టారని చెప్పు. నొప్పి లేకుండా నిద్రపుచ్చారని, పెదాలు తడిపారని, తల దువ్వారని చెప్పు. వాళ్ళ పనికి ఇది దక్కాలి, అందులో ఒక్క అక్షరం తగ్గించొద్దు. ఆ చేసింది ఎవరికో కూడా చెప్పు. వెంకటలక్ష్మమ్మ, ఇద్దరు పిల్లల తల్లి అని.

నేను వస్తాను. మీ బావా, సుచిత్రా వస్తారు. రేపు పొద్దున వెంకటక్కకు ఆ పేపరే చూపించి, ఇది మా అమ్మ అని చెప్తాను. వీధి ఏమన్నా అననీ.

ముందు వరసలో కూర్చుంటాను. నువ్వు చెబితే సరే. మైకు పట్టుకుని మళ్ళీ ఆ నవ్వు నవ్వావంటే, నేను లేచి ఏడుస్తాను జయా. ఆ రోజు గొంతులో కుక్కుకున్నదంతా. అమ్మా అని, పేరు పెట్టి, పెనుకొండంతా వినేట్టు ఏడుస్తాను.

మీ అక్క,
వెంకటలక్ష్మమ్మ కూతురు
కమలాక్షి